బొంత కుట్టే చేతులు - ఒక మందు చరిత్ర

మన సిద్దిపేట ప్రాంతంలో పాతచీరను ఎవరూ పారవేయరు. కట్టి, ఉతికి, మళ్ళీ కట్టి మెత్తబడిన నేతచీరలను నాలుగైదు పొరలుగా నేలపై పరుస్తారు. అంచులు లోపలికి మడిచి, దబ్బనంతో ఒక చివరి నుండి మరొక చివరికి వరుసగా కుడతారు. అదే బొంత. సంస్కృతంలో దీనిని కంథ అన్నారు. వంగదేశపు కాంథాకు ప్రదర్శనశాలలలో పేరున్నది. మన గొల్లభామ చీరకు కూడ నేడు దేశమంతటా గుర్తింపు ఉన్నది. ఆ చీర పాతబడి బొంతలో పొర అయినప్పుడు మాత్రం దానిని గూర్చి ఎవరూ వ్రాయరు. అయినప్పటికీ పసిబిడ్డకు మొదటి పక్కా, పుష్యమాసపు చలిలో ముసలివారికి చివరి కప్పూ అదే.

బొంత వెచ్చగా ఉండటానికి కారణం గుడ్డ కాదు, గాలి. కదలక నిలిచిన గాలిలో ఉష్ణం చాల నెమ్మదిగా ప్రసరిస్తుంది. పొరల నడుమ చిక్కుకొన్న గాలి మన శరీరపు వేడిని బయటికి పోనీయదు. అయితే గాలి అటూ ఇటూ తిరిగితే వేడిని తనతో మోసుకొని పోతుంది. కుట్ల వరుసలు ఆ గాలిని చిన్న చిన్న గదులుగా విభజించి కదలకుండ చేస్తాయి. కావున బొంతలో కుట్టు కేవలం అలంకారం కాదు. పొరలను జారనీయకుండ పట్టి ఉంచేదీ, గాలిని బంధించేదీ అదే.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాము. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల బొంతలో అంగుళానికి ఒక వరుస చొప్పున సుమారు 48 వరుసలు వస్తాయి. అంగుళానికి రెండు కుట్లు వేస్తే ఒక్కొక్క వరుసకు 144 కుట్లు. మొత్తం 6,912, అనగా దాదాపు 7,000 కుట్లు. ప్రతి కుట్టులోనూ బొటనవేలు, చూపుడువేలు కలిసి సూదిని నొక్కి పట్టవలెను. 1977లో కూనీ, చావో అనే అమెరికా శాస్త్రజ్ఞులు చేతి కీళ్ళపై పడే బలాలను లెక్క కట్టారు. వేళ్ళ కొనలతో 1 కిలోగ్రాము బలంతో ఒక వస్తువును నొక్కి పట్టినప్పుడు బొటనవేలి మొదటి కీలుపై దాదాపు 12 కిలోగ్రాముల బలం పడుతుందని వారు చూపారు. వేలు ఒక తులాదండం వంటిది గదా! కొనయందు కొద్దిపాటి బలం కావలెనన్నా మొదటియందు కండరాలు ఎన్నో రెట్లు లాగవలసి ఉన్నది.

ఆరోగ్యం గల చేతికి ఈ 7,000 కుట్లు లెక్కలోనివి కావు. కాని ఆ కీళ్ళలోనే వ్యాధి ఉంటే? బొంత కుట్టడం మాని వేయవలెనా? లేక వ్యాధికీ కుట్టుకూ నడుమ ఏదైనా ఒడంబడిక కుదురుతుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుండి వచ్చినది కాదు. నాలుగేండ్ల క్రితం ఒకనాటి ఉదయం నల్లబల్లపై సుద్దముక్కను పట్టుకొనలేక పోయినప్పుడు వచ్చినది. దానికి సమాధానం వెదుకుతూ పోగా దారిలో మన తెలుగువాడొకడు ఎదురైనాడు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ దారిని గూర్చినది.

కంటికి కనిపించని వ్యాధి

రుమటాయిడ్ కీళ్ళవాతం ముసలితనంలో కీళ్ళు అరిగి వచ్చే నొప్పి వంటిది కాదు. మన శరీరంలో రోగక్రిములతో పోరాడవలసిన రక్షణవ్యవస్థ పొరబాటున కీళ్ళ లోపలి పలుచని పొరపైనే దాడి చేయడం వలన ఇది కలుగుతుంది. పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పది, నలుబది ఏండ్ల ప్రాయంలోనే, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే మొదలు కావచ్చును. ఉదయం లేచిన తరువాత గంటకు పైగా వేళ్ళు కొయ్యబారి ఉండటం దీని ముఖ్య లక్షణం. మధ్యాహ్నానికి అవే వేళ్ళు వదులవుతాయి. రక్తంలో తిరిగే వాపు కారకపదార్థాల వలన శరీరమంతటికీ అంతులేని అలసట కలుగుతుంది. నిద్రపోయినంత మాత్రాన ఆ అలసట తీరదు.

ఎముకలు వంకరపోయిన తరువాత ఈ వ్యాధిని ఎవరైనా గుర్తిస్తారు. కాని అంతకు ముందు ఎన్నో ఏండ్లు రోగి చూపులకు ఆరోగ్యంగానే ఉండవచ్చును. జ్వరం ఉండదు, గాయం ఉండదు. “నిక్షేపంగా ఉన్నావు, నీకేమి రోగం?” అని చుట్టాలు అంటారు. పగలు తిరుగుతూ కనిపించిన మనిషి ఉదయం చెంబు ఎత్తలేదంటే ఎవరు నమ్ముతారు?

మన వైద్యులు ఇటువంటి బాధను పూర్వమే గమనించారు. క్రీస్తుశకం 700 ప్రాంతంవాడైన మాధవకరుడు తన నిదానగ్రంథంలో ఆమవాతానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించాడు. ఐరోపాలో 1800లో పారిస్ నగరపు యువవైద్యుడు లాంద్రే-బోవే తన సిద్ధాంతవ్యాసంలో దీనిని వర్ణించాడు. ఆనాడు కీళ్ళనొప్పి అనగానే విందులు తినే ధనవంతుల వాతమని తలచేవారు. ఇతడు చూచిన రోగులందరూ స్త్రీలు, అందులోనూ పేదవారు. అందుచేత ఇది వేరొక వ్యాధి అని అతడు గ్రహించి, ఆ పేరులో ‘బలహీనత’ అనే అర్థం గల మాటను కూడ చేర్చాడు. రోగులు చెప్పిన అలసటను అతడు కొట్టివేయలేదన్నమాట. 1859లో లండను వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారడ్ ‘రుమటాయిడ్ ఆర్‌థ్రైటిస్’ అనే పేరు పెట్టాడు.

ఆ పైన 1940లో నార్వే దేశంలో వాలర్, 1948లో అమెరికాలో రోజ్, ఈ రోగుల రక్తంలో ఒక వింత పదార్థం ఉన్నట్లు వేరువేరుగా కనుగొన్నారు. దానినే నేడు రుమటాయిడ్ ఫాక్టర్ అంటారు. 1990 దశకం చివరలో దీనికంటె నిక్కచ్చిగా రోగాన్ని సూచించే మరొక రక్తపరీక్ష కూడ వచ్చినది. అయినా ఈ పరీక్షలలో ఏమీ తేలని రోగులు నేటికీ కొందరుంటారు. కావున పరీక్షాపత్రం శుభ్రంగా ఉన్నంత మాత్రాన రోగి చెప్పేది అబద్ధం కాదు.

భీమవరం నుండి బోస్టన్‌కు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్‌లో రెండు మార్లు తప్పి మూడవమారు ఉత్తీర్ణుడైనాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స తరగతికి పోయి ఆచార్యుని కోపానికి గురియైనాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది.

ఆయన కుటుంబంపై ఒక చిత్రమైన వ్యాధి దెబ్బ తీసినది. దానిని ఉష్ణమండల స్ప్రూ అంటారు. తిన్నది వంటికి పట్టక, నోరు పూచి, రక్తం క్షీణించి రోగి కృశిస్తాడు. ఆయన సోదరు లిద్దరు కొద్దిరోజుల తేడాతో దీనికి బలియైనారు. సుబ్బారావు కూడ అదే వ్యాధిలో పడి, ఆయుర్వేద వైద్యంతో కోలుకొన్నాడు. ఈ మహమ్మారికి మందు కనుగొనవలెనన్న కోరిక ఆయనను బోస్టన్ నగరంలోని హార్వర్డుకు చేర్చినది.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి తెలుసుకొనే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ఇది జీవరసాయన విద్యార్థులకు నేటికీ పరిచితమే. ఈ పద్ధతి చేతికి రాగానే 1927లో వారికి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం దొరికినది. 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు వేరువేరుగా అడినొసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి.ని వెల్లడి చేశారు.

సూది పట్టిన వేలికి ఈ పరిశోధనతో సంబంధం ఏమిటి? కండరం ముడుచుకొన్నప్పుడల్లా ఏ.టి.పి. విచ్ఛిన్నమై శక్తి నిస్తుంది. ఉన్న ఏ.టి.పి. చాల స్వల్పం. అది తరుగుతూనే ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని ఇచ్చి దానిని తిరిగి నింపుతుంది. తీవ్రమైన పనిలో ఈ నిల్వ కొన్ని సెకండ్లకే చాలుతుంది. విశ్రాంతి దొరకగానే ఆహారం నుండి వచ్చిన శక్తితో మళ్ళీ నిండుతుంది. కావున పని నడుమ కాసేపు చేయి వదలడం సోమరితనం కాదు. కండరం తన పెట్టెను నింపుకొనే సమయం అది. కీళ్ళవాతపు అలసటకు ఇదొక్కటే కారణం కాదని మాత్రం పాఠకులు గమనింపవలెను. అందులో వాపు, నొప్పి, నిద్రలేమి, రక్తహీనత అన్నీ చేరి ఉంటాయి.

ఆకులో దొరికిన ఆమ్లం

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణీ స్త్రీలలో కనిపించే ఒక రక్తహీనతను పరిశీలించసాగినది. రోగులలో చాలమంది బట్టలమిల్లులలో పనిచేసే కూలి కుటుంబాలవారు. ఈస్టుతో చేసిన చవుక పదార్థం మార్మైట్‌ను తినిపించగా వారి రక్తం బాగుపడినది. 1931లో ఆమె దీనిని ప్రకటించినది. అందులోని తెలియని పదార్థాన్ని విల్స్ ఫాక్టర్ అన్నారు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఈ జాతి పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. లాటిన్ భాషలో ‘ఫోలియం’ అనగా ఆకు.

అప్పటికి సుబ్బారావు హార్వర్డును విడిచి 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరి ఉన్నాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపినది. ఆ వెనువెంటనే స్ప్రూ రోగులలో ఇది పనిచేస్తుందని వైద్యులు నిరూపించారు. నేడు స్ప్రూకు ఫోలిక్ ఆమ్లంతో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కూడ ఇస్తారు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినదీ ఆ లెడర్లీ నుండియే. సోదరులను బలిగొన్న వ్యాధికి కావలసిన రెండు ఆయుధాలూ ఆయన పనిచేసిన చోటనే తయారైనవి.

పోలికతో మోసగించే మందు

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణాలు విభజన చెందవు. రక్తక్యాన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండ పెరుగుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పని చేయని పదార్థాన్ని ఇస్తే, కణం దానినే ఫోలిక్ ఆమ్లమని భ్రమసి మోసపోతుంది గదా! తాళంలో దూరి తిరగని దొంగ తాళపుచెవి వంటిది అది. ఈ ఆలోచనతో లెడర్లీలో సుబ్బారావు బృందం అమినాప్టెరిన్‌ను, పిదప అమెథాప్టెరిన్‌ను తయారుచేసినది. బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్‌ను రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించినదని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. అమెథాప్టెరిన్‌నే నేడు మెథోట్రెక్సేట్ అంటారు.

కీళ్ళవాతం కథ ఇక్కడే మలుపు తిరిగినది. సుబ్బారావు మరణించిన మరుసటి నెల, 1948 సెప్టెంబరు 21న, అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్, మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ సూదిమందు నిచ్చాడు. కొద్దిరోజులలోనే ఆమె లేచి నడిచినది. లోకం ఆశ్చర్యపోయినది. 1950లో హెంచ్‌కూ, కెండల్, రైక్‌స్టైన్ అనే రసాయనవేత్తలకూ నోబెల్ బహుమానం లభించినది. ఫ్రెంచి చిత్రకారుడు రావుల్ ద్యూఫీ ఆ సంవత్సరమే బోస్టన్‌కు వెళ్ళి ఈ చికిత్స పొంది, మొద్దుబారిన చేతులతో మళ్ళీ చిత్రాలు వేయగలిగినాడు. కాని కార్టిసోన్‌ను ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారడం, కడుపులో పుండ్లు, ముఖం ఉబ్బడం వంటి కీడులు కలుగుతాయని త్వరలోనే తెలిసినది.

1951లో న్యూయార్కు వైద్యుడు గుబ్నర్, అమినాప్టెరిన్‌ను కీళ్ళవాత రోగులకు ఇచ్చి కొంత మేలు జరిగినట్లు వ్రాశాడు. కార్టిసోన్ వెలుగులో ఆ దీపం ఎవరికీ కనిపించలేదు. 1972లో హాఫ్‌మైస్టర్ అనే అమెరికా వైద్యుడు మెథోట్రెక్సేట్‌తో మళ్ళీ ప్రయత్నించాడు. 1985లో వైన్‌బ్లాట్ మొదలైనవారు, మందు ఏదో ఉత్తబిళ్ళ ఏదో రోగికీ వైద్యునికీ తెలియకుండ జరిపే పరీక్షలో దీని గుణాన్ని స్థాపించారు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్ళవాతానికి దీనిని అనుమతించినది. తయారైన 40 ఏండ్ల తరువాత! నేడు ప్రపంచమంతటా ఈ వ్యాధికి సాధారణంగా మొదట ఇచ్చే ప్రధానమైన మందు ఇదే. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి ముఖ్యమైన మందుల పట్టికలో కూడ ఇది ఉన్నది.

క్యాన్సరుకు ఇచ్చే మోతాదుతో పోల్చితే కీళ్ళవాతానికి ఇచ్చేది చాల తక్కువ. సామాన్యంగా వారానికి 7.5 నుండి 25 మి.గ్రా. అదీ వారానికి ఒక్కదినం మాత్రమే. పొరబాటున ప్రతిదినం మ్రింగితే ప్రాణాపాయం. రక్తాన్నీ, కాలేయాన్నీ అప్పుడప్పుడు పరీక్షింపవలెను. గర్భవతులు దీనిని ముట్టకూడదు. వైద్యుని ఆజ్ఞ లేనిదే ఎవరూ వాడరాదు. మందు వలన నోరు పూయడం వంటి బాధలు కలుగకుండ దానితో పాటు ఏ మందు ఇస్తారో తెలుసునా? ఫోలిక్ ఆమ్లం! సుబ్బారావు చేసిన విషానికి విరుగుడు సుబ్బారావు చేసిన విటమినే.

ఇంత తక్కువ మోతాదులో ఈ మందు ఎట్లా పనిచేస్తుంది? ఇది వాపు ఉన్నచోట అడినొసిన్ అనే పదార్థాన్ని అధికం చేసి, రక్షణకణాల ఆవేశాన్ని తగ్గిస్తుందని 1990 దశకం నుండి చాలమంది పరిశోధకులు భావిస్తున్నారు. అడినొసిన్ అనగా ఏ.టి.పి.లోని మొదటి భాగమే. 1929లో కండరంలో దొరికినదీ, నేడు కీలును చల్లార్చుతున్నదీ ఒకే కుదురులోనివి.

విశ్రాంతియా, పనియా?

మందు వాపును తగ్గిస్తుంది కాని బొంత కుట్టి పెట్టదు. ఆ పని చేతులదే. చేతులను ఎంత వాడవలెను అన్న విషయంలో కూడ వైద్యశాస్త్రం ఎంతో కాలం తడబడినది. ఇరువదవ శతాబ్దం నడుమ వరకు కీళ్ళవాత రోగులను వారాల కొలది మంచంపై ఉంచి, కీళ్ళను బద్దలతో కట్టివేసేవారు. కదిలితే కీలు చెడుతుందని భయం. కాని కదలని కండరం చిక్కిపోతుంది, కదలని కీలు బిగుసుకొంటుంది. 1975లో స్వీడన్ దేశంలో ఎక్‌బ్లోమ్ మొదలైనవారు, తగిన వ్యాయామం వలన రోగుల శక్తి పెరుగుతుందని చూపారు. 2015లో బ్రిటన్‌లో 490 మంది రోగులపై జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, చేతివేళ్ళకు క్రమంగా బలం పెంచే వ్యాయామం నేర్పినవారి చేతులు నేర్పనివారి చేతులకంటె బాగా పనిచేసినట్లు తేలినది.

శాస్త్రజ్ఞులు చెప్పకముందే కొందరు పనివారు దీనిని గ్రహించారు. చిత్రకారుడు రెన్వార్ 1892 ప్రాంతం నుండి 1919లో మరణించేవరకు ఈ వ్యాధితో బాధపడ్డాడు. చేతులు ముడుచుకొని పోగా ఇతరులు కుంచెను ఆయన వేళ్ళ నడుమ ఉంచేవారు. పెద్ద చిత్రాలకు తాను లేవనక్కరలేకుండ, గుడ్డను రెండు దొర్లుడు కర్రలపై చుట్టి జరిపే ఏర్పాటు చేసుకొన్నాడు. ఆయన చిత్రకళను మానలేదు, పనిముట్టును మార్చుకొన్నాడు.

నేను కూడ బొంత విషయంలో అదే చేయవలసి వచ్చినది. మొదటి సంవత్సరం నొప్పి లేని దినం చూచుకొని ఉదయం నుండి సాయంకాలం వరకు కుట్టేవాణ్ణి. తరువాత మూడు దినాలు చొక్కా గుండీ పెట్టుకొనలేక పోయేవాణ్ణి. మా అమ్మ చూచి, “సూది నిన్ను కుడుతున్నదిరా, నీవు సూదితో కుట్టడం లేదు” అన్నది. అప్పటి నుండి ఒక నోటుపుస్తకంలో కుట్టిన నిమిషాలు, మరునాటి నొప్పి వ్రాయసాగినాను. ప్రయోగశాలలో విద్యార్థులకు చెప్పే పద్ధతే గదా ఇది! రెండు నెలలలో సంగతి తేటపడినది. నొప్పి పుట్టిన తరువాత ఆపితే ఆలస్యమే. పావుగంట కుట్టి అయిదు నిమిషాలు చేయి వదలి, ఇట్లా రెండు మూడు మార్లు చేసి ఆ దినానికి చాలించితే మరునాడు చేయి మొరాయించదు. కావున గడియారమే నాకు మేస్త్రి. బాగున్న దినాన ఇంకా కుట్టాలని మనస్సు లాగుతుంది. కష్టమైనది కుట్టడం కాదు, ఆ దినాన ఆపడం.

ఉదయం కొయ్యబారిన వేళ్ళతో కాక మధ్యాహ్నం కుట్టడం. అయిదు పొరలకు బదులు మూడే వేయడం. నేలపై కాక బల్లపై బొంతను పరచి మెడ వంచకుండ కూర్చోవడం. ఇవి ఇతర మార్పులు. అన్నిటికంటె ఉపకారం చేసినది పాత సైకిలు ట్యూబు ముక్క. నున్నని ఉక్కుసూది వేళ్ళ నడుమ జారుతుంది కావున గట్టిగా నొక్కవలసి వస్తుంది. రబ్బరు ముక్కతో పట్టుకొంటే ఘర్షణ ఎక్కువ, నొక్కుడు తక్కువ. వేలికొన వద్ద 100 గ్రాముల నొక్కుడు తగ్గితే బొటనవేలి మొదట దాదాపు 1,200 గ్రాముల బరువు తగ్గుతుంది. దానిని 7,000తో హెచ్చవేసి చూడండి! ఘర్షణను గూర్చి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ.

పూర్వం దసరాకు మొదలు పెట్టిన బొంత దీపావళికి పూర్తయ్యేది. ఇప్పుడు ఉగాది దాటుతున్నది. అయినా పూర్తవుతున్నది.

ఉపాధ్యాయులతో ఒక మాట

ఈ వ్యాధి పెద్దలకే వస్తుందని తలచరాదు. 1897లో లండను వైద్యుడు జార్జి స్టిల్, చిన్నపిల్లలలో వచ్చే కీళ్ళవ్యాధిని విపులంగా వర్ణించాడు. బడిపిల్లలలో ఇది అరుదు, కాని లేకపోలేదు.

నాకు వ్యాధి రాకముందు జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటర్మీడియట్ చదివే ఒక బాలిక మొదటి గంట ప్రయోగతరగతికి తరచు ఆలస్యంగా వచ్చేది. బ్యూరెట్టు మర తిప్పమంటే తటపటాయించేది. మధ్యాహ్నం మాత్రం స్నేహితురాండ్రతో నవ్వుతూ తిరిగేది. ‘పని అంటే బద్ధకం, ఆట అంటే ఉత్సాహం’ అని అందరి ఎదుట అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. కొన్ని నెలల తరువాత ఆమె తండ్రి వైద్యుని చీటీ తెచ్చి చూపినప్పుడు తెలిసినది, ఆమెవి కీళ్ళవాతపు చేతులని. ఉదయం బిగుసుకొన్న వేళ్ళు మధ్యాహ్నానికి వదులవుతాయన్న చిన్న శాస్త్రవిషయం నాకు తెలిసి ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ఆమె ప్రయోగాలను మధ్యాహ్నపు జట్టులోకి మార్చినాము. మర తిప్పడానికి రబ్బరు ముక్క సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసిన తరువాత మా ప్రయోగశాలలో బల్లకు ఒకటి చొప్పున ఉంచినాము. ఎవరికి కావలెనని అడుగము, కావలసినవారు తీసుకొంటారు.

నడిచే పిల్ల ఒకపూట నడవలేదంటే, నవ్వే పిల్ల వ్రాయలేనంటే, నటన అని నిర్ణయించుటకు ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏ వేళలో ఎక్కువగా బాధగా ఉంటుంది? బిగుసుకొన్న కీళ్ళు వదులు కావడానికి ఎంతసేపు పడుతుంది? అరగంటకు మించి పడుతున్నదనీ, ఆరు వారాలకు పైగా ఇట్లాగే ఉన్నదనీ జవాబు వస్తే ఆ బిడ్డను కీళ్ళవ్యాధుల నిపుణునికి చూపమని తల్లిదండ్రులకు చెప్పండి. ఈ వ్యాధిలో మొదటి నెలలు విలువైనవి. తొందరగా మందు మొదలు పెడితే కీలు చెడకుండ కాపాడవచ్చును. ఆ మందును తయారుచేసిన మనిషి మెట్రిక్యులేషన్‌లో రెండు మార్లు తప్పిన విద్యార్థి అన్న సంగతి కూడ మీ తరగతిలో చెప్పండి. బిడ్డను చూచి వెంటనే ఒక తీర్పు ఇవ్వరాదనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.